చోటునకు వెల

సూరతు నగరమున సహారా దర్వాజానుండి ఉధ్నా దర్వాజా మీదుగా మజూరా గేటు వరకు సాగు రింగురోడ్డు మీద సాయంకాలపు వేళ నిలిచి చూచువారికి, ఒకే చీర రెండు వేరువేరు రూపములు దాల్చి రెండు వేరువేరు త్రోవల ఊరు విడిచిపోవుట కనబడును. ఒకటి, తనవంటి చీరలు నూటికి పైగా తోడుగా, పట్టాలో బిగించి కుట్టబడి, త్రాళ్లతో కట్టబడి, హమాలీ వీపుమీదనో తోపుడుబండి మీదనో టెంపోను చేరి, అక్కడినుండి లారీ ఆఫీసునకును, లారీమీద విజయవాడ వస్త్రలతకో హైదరాబాదు బజారులకో పోవు బేలు. రెండవది, ఒంటరిగా ప్లాస్టిక్కు కవరులోనో అట్టపెట్టెలోనో చేరి, చిరునామా చీటి అంటించుకొని, కొరియరు కుర్రవాని సంచిలో పడి, నిజామాబాదులోనో నరసాపురములోనో ఒక ఇంటి గడపకు సూటిగా పోవు పొట్లము. చీర ఒక్కటే, పోవు దూరమును ఇంచుమించు ఒక్కటే. కాని మొదటిదానికి తరచుగా త్రాసు చెప్పినదే మాట కాగా, రెండవదానికి త్రాసును ప్రక్కకు నెట్టి టేపు వచ్చి మాటాడుచున్నది. ఈ భేదమెట్లు కలిగినది, ఇది న్యాయమేనా, న్యాయమైనచో ఎంతవరకు న్యాయము అను ప్రశ్నలను కొంత నిదానముగా విచారింపదలచితిని.

ఈ విచారణకు రింగురోడ్డునే ఎన్నుకొనుటకు కారణము కలదు. కృత్రిమ నూలు వస్త్రముల వర్తకమునకు ఈ దేశమున ఇది పట్టుకొమ్మ. రోడ్డునకు ఇరుప్రక్కల అంతస్తులపై అంతస్తులుగా లేచిన మార్కెట్లలో వేలకొలది దుకాణములు కలవు. వాని నడుమ రోజంతయు మూటలు కట్టువారు, మోయువారు, సరకు రసీదులగు బిల్టీలు వ్రాయువారు తిరుగుచునే యుందురు. పైగా ఇది మనకు పరాయి చోటు కాదు. తెలంగాణపు పద్మశాలీలు తరతరములుగా ఈ ఊరి పవరులూములకు వలస వచ్చి లింబాయత్, ఉధ్నా ప్రాంతముల స్థిరపడియున్నారు. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమునను ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నది. తెలుగువాని చేతిక్రింద సాంచెపై నడచిన గుడ్డ, మిల్లులో రంగు పూసుకొని, రింగురోడ్డున చీరయై మడతపడి, మరల తెలుగునేలకే పోవుచున్నది. ఆ తిరుగు ప్రయాణపు కూలి ఎట్లు కట్టబడునో తెలిసికొనుట మనకు అక్కరలేని సంగతి కాదు.

కొరియరు వర్తకమున వాల్యుమెట్రిక్ వెయిట్ అను మాట కలదు. దీనిని మనము పరిమాణభారము అని చెప్పుకొందము. పెట్టె పొడవును, వెడల్పును, ఎత్తును సెంటీమీటర్లలో కొలిచి, మూటిని గుణించి, వచ్చిన ఘనపరిమాణమును సాధారణముగా 5000 చేత భాగించినచో, లబ్ధమే కిలోగ్రాములలో పరిమాణభారము. త్రాసు చూపిన బరువు ఒకటి, ఈ లెక్క చూపిన బరువు ఒకటి. రెంటిలో ఏది పెద్దదైన దానికే కూలి. ఒక చీరను తీసికొందము. కవరుతో కలిపి 460 గ్రాములు తూగు పల్చని చీర, చక్కగా మడిచి గాలి పోవునట్లు అదిమినచో, 30 సెంటీమీటర్ల పొడవు, 24 వెడల్పు, 3 ఎత్తు గల పొట్లమగును. ఘనపరిమాణము 2160, పరిమాణభారము 432 గ్రాములు. రెండు విధములను అర కిలో మెట్టు దాటలేదు. ఆ చీరనే అందముకొరకు 36, 28, 6 కొలతలు గల అట్టపెట్టెలో పెట్టినచో, పెట్టెతో కలిపి బరువు 600 గ్రాములే యైనను, ఘనపరిమాణము 6048 యగును. లెక్కకు వచ్చు భారము కిలోకు పైన 210 గ్రాములు. కొరియరువారు అర కిలోల మెట్లలో లెక్కింతురు గనుక అది కిలోన్నర క్రింద పడును. చీర మారలేదు, దూరము మారలేదు. ఒక మెట్టు కూలి మూడు మెట్లైనది.

మొదట వినువారికి ఇది దోపిడివలె తోచును. నాకును అట్లే తోచినది. కొన్నేండ్ల క్రిందట ఈ రింగురోడ్డునుండియే జగిత్యాలలోని మా చెల్లెలికి రెండు చీరలును ఒక కాగితపు లాంతరును ఒకే పెట్టెలో పెట్టి పంపితిని. త్రాసు కిలోన్నర చూపినది. రసీదుమీద ఆరు కిలోలని వ్రాసినారు. ఎందువలన అని అడిగితిని. కంప్యూటరులో అట్లే వచ్చినదని గుమాస్తా బదులు చెప్పెను. మరల అడిగితిని, మరల అదే బదులు. పెట్టె కొలతలు 40, 30, 25 అనియు, గుణించి 5000 చేత భాగింపగా సరిగా ఆరు వచ్చుననియు ఇంటికి వచ్చి నేనే లెక్కవేసికొనవలసివచ్చినది. లెక్కలో తప్పు లేదు. కాని ఆ మాట ఒక్క నిమిషములో చెప్పదగినది. చెప్పియుండినచో లాంతరును వేరుచేసి ఇంకొక విధముగా పంపియుందును. ఈ వ్యవహారమున నాకు కలిగిన మొదటి బాధ వెల హెచ్చగుట కాదు, దాని కారణము నాకు దాచబడుట.

కారణము నిజముగా సులభము. విమానమునకైనను లారీకైనను రెండు హద్దులు కలవు: మోయగల బరువు ఒకటి, ఇముడ్చుకొనగల చోటు ఒకటి. ఇనుప కడ్డీలు ఎత్తిన లారీ సగము నిండకయే ఇరుసుల శక్తి ముగియును. దూదిపరుపులు ఎత్తిన లారీ బరువునకు ఇంకను ఎంతో ఓపిక ఉండగనే కప్పు తాకును. మొదటిదానిలో మిగిలిన చోటు వ్యర్థము, రెండవదానిలో మిగిలిన శక్తి వ్యర్థము. బరువు నొక్కదానినే చూచి కూలి కట్టినచో, పరుపులవాడు లారీనంతయు ఆక్రమించి కొద్దిపాటి బరువునకే వెల యిచ్చి పోవును. అతడు ఇయ్యని ఆ భాగము కడపట ఇనుపకడ్డీలవాని నెత్తిన పడును. కావున చోటునకు వెల కట్టుట అన్యాయము కాదు. వాదమెల్ల ఆ చోటును ఎట్లు కొలుతురు, ఎంత చోటును ఒక కిలోకు సమానమందురు, కొలత ఎవరిచేతిలో నున్నది అను మూడు మాటల దగ్గరనే.

చోటును బట్టి కూలి అడుగుట నిన్న మొన్న పుట్టిన ఆచారము కాదు. టన్ను అను మాటయే మొదట బరువునకు పేరు కాదు; ద్రాక్షసారా నింపు పెద్ద పీపాకు ఇంగ్లీషువారు పెట్టుకొన్న పేరు అది. అట్టి పీపాలు ఓడలో ఎన్ని పట్టునని చెప్పు లెక్కయే క్రమముగా టన్నేజి అయినది. 1608లో హాకిన్సు నడిపిన హెక్టర్ అను ఓడ ఈ సూరతు తీరమును, 1611లో గ్లోబ్ అను ఓడ మన మచిలీపట్నపు తీరమును చేరినవి; ఆ రెండు రేవులనుండియు వస్త్రమే ముఖ్యముగా పోయిన సరకు. తాపీనది ముఖమున ఇసుక మేటవేసియుండుటచే పెద్ద ఓడలు సువాలీ కడ లంగరు వేయగా, మూటలు చిన్న పడవలలో అక్కడికి పోవుచుండెడివి. వస్త్రము, దూది వంటి సరకు ఓడను ముంచదు, నింపును. దానికి ఓడలో కరవగునది చోటే. అందుచేతనే పూర్వము 40 ఘనపుటడుగులను ఒక టన్నుగా, నేడు ఒక ఘనమీటరును ఒక మెట్రిక్ టన్నుగా ఎంచి, బరువు, కొలత అను రెంటిలో ఏది హెచ్చైన దానికి ఓడకూలి తీసికొనుట సముద్రవర్తకమున స్థిరపడినది.

దీనికి వర్తకులు కనుగొన్న ప్రతిక్రియయు పాతదే: సరకును అదుముట. ఆదిలాబాదులోనో గుంటూరులోనో జిన్నింగు మిల్లు నుండి వచ్చు దూదిబేలు 170 కిలోలది. యంత్రపు ఒత్తిడికి లోనై అది ఇంచుమించు ఘనమీటరునకు 450 కిలోల సాంద్రతకు వచ్చును. వదులుగా నున్న దూది దానికి ఎన్నో రెట్ల చోటు తినును. గుంటూరు మిర్చి యార్డులో ఎండుమిరపకాయలను టిక్కీలలో కూరి కూరి నింపుటయు ఈ న్యాయమే. చోటునకు వెల యున్న చోటనెల్ల అదుముటకు ఒక విద్య పుట్టును.

ఇక్కడ రింగురోడ్డు బేలునే చేతబట్టి నాలుగు మార్గముల నడిపించి చూతము. ఈ ప్రశ్నలోని మర్మమంతయు అందులోనే కలదు. అరవై కిలోల చీరల బేలు, 75 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు గలది, అనుకొందము. దాని ఘనపరిమాణము 1,87,500 ఘనసెంటీమీటర్లు. సాంద్రత ఘనమీటరునకు 320 కిలోలు. ఓడలో అది 187 కిలోలకు పైగా లెక్కింపబడును. అక్కడ అది తేలిక సరకు. విమానపు సరకు లెక్కలో 6000 చేత భాగింపగా 31 కిలోలే వచ్చును గనుక త్రాసు చెప్పిన అరవైకే కూలి. అక్కడ అది బరువు సరకు. కొరియరువారి 5000 లెక్కన 37 కిలోలన్నర. అక్కడను బరువే గెలుచును. లారీమార్గమున మాత్రము, ముందు చెప్పబోవునట్లు, గుణకమును బట్టి అటునిటు ఊగును. ఒకే మూట నీటిపై తేలికయై గాలిలో బరువగుచున్నది! తేలిక, బరువు అనునవి సరకుయొక్క గుణములుగా మనము తలంతుము. కూలి లెక్కలో అవి సరకునకును వాహనమునకును గల సంబంధము మాత్రమే. 5000 అను భాజకమునకు అర్థము, ఘనమీటరునకు 200 కిలోలకంటె పల్చనైన సరకంతయు చోటునకు వెల ఈయవలెననుట. 6000 అనగా ఆ గీత 167 కిలోల కడ నున్నదనుట.

అట్లైనచో ఆ గీత ఎవరు గీచినారు? విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘము పూర్వము 7000 ఘనసెంటీమీటర్లకు ఒక కిలో అని లెక్కించుచుండి, తరువాత 6000 చేసెను. అమెరికాలోని రెండు పెద్ద కొరియరు సంస్థలు, యూపీఎస్, ఫెడెక్స్, తమ దేశీయ సరకునకు 194 ఘనపుటంగుళములకు ఒక పౌను అను లెక్కను 2011లో 166కు దించినవి. 2015 నాటికి నేలమీద పోవు చిన్న పొట్లములకును పరిమాణపు లెక్కను వర్తింపజేసినవి. 2017లో 166ను 139కి దించినవి. మెట్రిక్ లెక్కలోనికి మార్చినచో ఈ సంఖ్యలు వరుసగా 7000, 6000, 5000 కే ఇంచుమించు సమానములు. భాజకము తగ్గిన కొలది కూలి పెరుగును: 6000 నుండి 5000కు దిగినచో పరిమాణభారము అయిదింట ఒక వంతు హెచ్చును, కిలోకు రేటు మాత్రము అట్లే యున్నట్లు కనబడును. ఆ సంవత్సరములలో విమానముల గర్భములు అయిదింట ఒక వంతు కుదించుకొనిపోలేదు. ఇంటింటికి పోవు వర్తకము విస్తరిల్లి, సగము గాలి నిండిన పెట్టెలు వాహనములను నింపివేయుట నిజమే. ఆ మేరకు ఈ మార్పునకు ఆధారము కలదు. అయినను భాజకము ప్రకృతిసిద్ధమైన స్థిరాంకము కాదనియు, బేరములో ఒక పక్షము వ్రాసికొన్న సంఖ్య యనియు ఎరుగుట మేలు. పెద్ద వర్తకుడు దానిని బేరమాడి 6000 చేయించుకొనును. ఒక్క పొట్లము పంపు ఇల్లాలికి అట్టి బేరమొకటి ఉన్నదనియే తెలియదు.

లారీలెక్కకు వత్తము. రోడ్డుమీద పోవు పార్సెలు సంస్థలు ఘనపుటడుగునకు ఆరు మొదలుకొని పది కిలోల వరకు గుణకము పెట్టుకొందురు. నేడు దూరపు దారులలో ఎక్కువగా కనబడు 32 అడుగుల మూసిన లారీ వెడల్పు, ఎత్తు దాదాపు ఎనిమిదేసి అడుగులు గనుక లోపలి చోటు రెండువేల ఘనపుటడుగుల పైచిలుకు. అందులో తక్కువ ఇరుసులు గలది ఏడు టన్నులు, ఎక్కువ ఇరుసులు గలది పదునాలుగు పదునైదు టన్నులు మోయును. అనగా మొదటిదానికి ఘనపుటడుగునకు మూడున్నర కిలోలు, రెండవదానికి ఏడు కిలోల పైన సరిపడును. మరి పది కిలోల గుణకమెక్కడిది? లారీ ఎన్నడును మూలమూలలకు నిండదు, ఎగుడుదిగుడు మూటల నడుమ సందులు తప్పవు, పల్చని సరకుపై బరువు సరకు పెట్టరాదు అని లారీవారు చెప్పుదురు. అది విని తీరవలసిన మాటయే. ఆరు, ఏడు కిలోలకు అది చాలును. పదింటికి చాలదని నా అభిప్రాయము.

ఇందులోనే ఇంకొక సూక్ష్మము కలదు. ఘనపుటడుగులో నిజమునకు 28,317 ఘనసెంటీమీటర్లు కలవు. పలు సంస్థల సూత్రములో దానిని 27,000గా వాడుట ఆచారము. అడుగును ముప్పది సెంటీమీటర్లనుకొన్న గుండ్రపు లెక్క అది. చూచుటకు సౌకర్యము, ఫలము మాత్రము ప్రతి మూటకును నూటికి సుమారు అయిదు వంతుల అధికము. మన అరవై కిలోల బేలును పది కిలోల గుణకముతో సరియైన ఘనపుటడుగులలో కొలిచినచో 66 కిలోలు, 27,000 లెక్కన 69 కిలోల పైన అగును. ఆరు కిలోల గుణకమైనచో ఏ లెక్కనైనను నలుబది కిలోల ప్రాంతమే గనుక త్రాసు మాటయే నిలుచును. గుండ్రపు లెక్కలు ఎల్లప్పుడు ఒకవైపునకే గుండ్రమగుచుండుట ఈ వ్యవహారమున అడుగడుగునకు కనబడును. అర కిలో మెట్టు పైకే పోవును. సెంటీమీటరు భిన్నము పైకే పోవును. 2025లో అమెరికా సంస్థలు అంగుళపు భిన్నమును, ఎంత చిన్నదైనను, పై అంగుళముగా నెంచుట మొదలుపెట్టినవి. మూడు కొలతలు మూడు భిన్నములచే పెరిగి, గుణింపబడి, మరల మెట్టెక్కి, అప్పుడుగాని రసీదుపైకి రావు.

మన ఇండ్లలో ఈ లెక్క తెలియకయే తెలిసినవారు ఊరగాయలు పంపు తల్లులు. గుంటూరునుండియు హైదరాబాదునుండియు అమెరికాలోని బిడ్డలకు పొట్లములు పంపుట నేడు ఒక వృత్తియే యైనది. అయిదు కిలోల ఆవకాయ, నూనెతో నిండి సందు లేకుండ కూర్చున్నచో, 30, 20, 15 కొలతల పెట్టెలో ఇముడును. దాని పరిమాణభారము కిలోకు పైన 800 గ్రాములే, కావున త్రాసు బరువునకే కూలి. చల్లమిరపకాయలు కిలో తూచి పెట్టె వెదకినచో, నలిగిపోకుండ పెట్టుటకు 25, 20, 20 కొలతలదైన చాలకపోవచ్చును. అది అప్పుడే రెండు కిలోలు. వడియములు, అప్పడములు, మరమరములు అన్నియు ఈ జాతివే. ఆవకాయ పొట్లముల నడుమ సందులలో చల్లమిరపకాయలను సర్దు ఆ తల్లి, సరకువిమానమును నింపు నిపుణుడు చేయు పనినే చేయుచున్నది: పెట్టెయొక్క బరువు హద్దును చోటు హద్దును ఒక్కసారి తాకునట్లు బరువు సరకును పల్చని సరకుతో కలుపుచున్నది.

బరువు నొక్కదానినే చూచిన కాలమున ఏమయ్యెనో చెప్పుటకు ఒక ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. అమెరికాలో 1913లో పార్సెలు పోస్టు మొదలైనపుడు బరువును దూరమును బట్టి కూలి కట్టి, పొట్లమునకు బరువు, పరిమాణములపై హద్దులు మాత్రము పెట్టిరి. 1916లో యూటా రాష్ట్రమున వెర్నల్ అను దూరపు పల్లెలో బ్యాంకు భవనమునకు సాల్ట్ లేక్ నగరమునుండి వేలకొలది ఇటుకలు, ఏబది పౌనుల పొట్లములుగా కట్టబడి, టపాలో వచ్చినవి; బండికూలికంటె టపాకూలియే చౌక! తపాలావారు విస్తుపోయి, ఒకరినుండి ఒకరికి రోజునకు 200 పౌనులకు మించరాదని కట్టడి చేసిరి. మోయుటకు నిజముగా నగు వ్యయమును వెల అనుసరింపనిచో సరకు ఏ త్రోవ వెదకికొనునో దానికి ఇది తార్కాణము. మన రైలువారు సామానునకు వెలుపలి కొలతలు ఒక మీటరు, ఒక మీటరు, 70 సెంటీమీటర్లు అను హద్దును పెట్టి, దానిని మించిన భారీ సామానునకు రెట్టింపు రేటు చెప్పుటయు ఈ భయముననే. కాని అది గీతకు ఇవతల ఒకటి, అవతల రెండు అను మొరటు పద్ధతి.

గుణకారములు, భాగహారములు లేకుండ చోటునకు వెల కట్టిన దేశములు కలవు. జపానులో యమాటో సంస్థ 1976లో ఇంటింటి పార్సెలు సేవ ప్రారంభించినది; అక్కడ పెట్టె మూడు ప్రక్కల కొలతలను కూడిక చేయుదురు. మొత్తము 60 సెంటీమీటర్లలోపు, రెండు కిలోలలోపు ఒక తరగతి. 80 లోపు, అయిదు కిలోలలోపు ఇంకొక తరగతి. ఇట్లు పైకి పోవును. కూడిక చిన్న పిల్లవానికైనను వచ్చును. బ్రిటనులో రాయల్ మెయిల్ 2006 ఆగస్టునుండి ఉత్తరములకును పరిమాణపు తరగతులు పెట్టెను. 25 మిల్లీమీటర్ల మందము మించనిది, 750 గ్రాములు దాటనిది పెద్ద ఉత్తరముగా పోవును. మన పల్చని చీరను ఇంకొక అర సెంటీమీటరు అదిమినచో అక్కడ అది ఉత్తరమే యగును. అమెరికా తపాలావారు 2004 నుండి తామే పెట్టెలిచ్చి, అందులో పట్టినదంతయు, 70 పౌనుల వరకు, ఒకే వెలకు పంపుచున్నారు. వీనిలో జపాను పద్ధతియే సంసారులకు మేలని నాకు తోచుచున్నది. దాని లోపము లేకపోలేదు: సన్నగా పొడవుగా నుండు వస్తువు, ఉదాహరణకు వెదురు పిల్లనగ్రోవి, ఆక్రమించు చోటు కొంచెమే యైనను కూడికలో పెద్దదిగా కనబడును. అయినను మనిషి తన ఇంట కూర్చుండి, దర్జీ టేపుతో కొలిచి, తానీయవలసిన వెలను ముందే తెలిసికొనగల పద్ధతి యేదో అదే మంచి పద్ధతి.

ఎందుకనగా తగవులన్నియు కొలత దగ్గరనే పుట్టుచున్నవి. రింగురోడ్డున ఇంటర్నెట్టు ద్వారా చీరలమ్ము చిన్న వర్తకులు, ఇంటినుండి ఈ వ్యాపారము సాగించు స్త్రీలు, పలువురు ఒకే మాట చెప్పుదురు: తాము అర కిలో అని వ్రాసి పంపిన పొట్లము, గిడ్డంగిలోని యంత్రము క్రింద పోయి, కిలో అనియో కిలోన్నర అనియో తిరిగి వచ్చుచున్నది, భేదపు సొమ్ము వారి ఖాతానుండి ముందు కోతపడి, తరువాత వాదించుకొమ్మనబడుచున్నది. కదలు బెల్టుమీద పోవు పొట్లమును తూచి, కొలిచి, చిత్రము తీయు ఆ యంత్రములు పెట్టె విషయమున చక్కగా పనిచేయును. మెత్తని కవరునకు మాత్రము నిలుకడయైన ఆకారమే లేదు. ఒక మూల ఉబ్బినను, అంటుమూత పైకి లేచినను, ఆ ఎత్తైన చోటే పొట్లపు ఎత్తగును. మూడు సెంటీమీటర్లది నాలుగైనచో మన మొదటి చీర 432 గ్రాములనుండి 576కు పోయి అర కిలో మెట్టు దాటును. ఒక్క సెంటీమీటరు, అదియును గాలి.

ఈ గాలితో రోజంతయు పోరాడుచున్నవారిని చూచితిని. ఒక మార్కెట్టు క్రింది అంతస్తులో పొట్లములు కట్టుచున్న, కరీంనగరు దిక్కునుండి వచ్చిన నడివయసు మనిషి, ప్రతి కవరును మూయుటకు ముందు మోచేతితో గట్టిగా అదిమి, గాలి పోయిన పిమ్మటనే అంటించుచుండెను. తెలుగున పలుకరింపగా, చేయి ఆపకయే, “గాలి ఎల్లగొడితేనే పైసలు మిగుల్తయి సారూ, మా సేటుకు గదే లెక్క” అని చెప్పెను. పరిమాణభారమును గూర్చి నేను చదివిన యేదియు ఇంత తేటగా చెప్పియుండలేదు.

బేలు కట్టువారి దగ్గర మాత్రము ఈ అదుముట వేరొక ముఖము చూపును. దీనిని గూర్చి కూలిలెక్కలు వ్రాయువారు మాటాడరు గనుక నేను చెప్పి తీరవలెను. చోటు తగ్గించుకొనుటకు ఒకే మూటలో మరిన్ని చీరలు కూరినచో మూట చిన్నదై బరువు పెరుగును. లారీకి అది లాభము. దానిని మెట్లమీదుగా వీపున మోయు హమాలీకి కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో గరిష్ఠభారమును గూర్చి ఒడంబడిక చేసి, దానికి తోడైన సిఫార్సులో వయోజన పురుషుడు మోయు బరువు 55 కిలోలను మించరాదని చెప్పెను. మన లెక్కలోని అరవై కిలోల బేలు అప్పుడే దానిని దాటినది. చోటునకు వెల హెచ్చించు ప్రతి నిర్ణయము మూటల బరువును హెచ్చించు ప్రేరణ కూడ నగుచున్నది. రేటు పట్టికలో మూటకు కనీసపు చోటెంతయో వ్రాసినవారు గరిష్ఠపు బరువెంతయో కూడ వ్రాసి దానికి కట్టుబడవలెను.

ఇక చట్టపు సంగతి. కొరియరు రేట్లను నిర్ణయించు అధికారి మన దేశమున లేడు. అది వర్తకుల ఇష్టము. కాని తూనికకు, కొలతకు చట్టము కలదు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము 2011 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చినది. వ్యాపారమున వాడు తూనికలు, కొలతలు నియతకాలమున సర్కారువారిచే సరిచూడబడి ముద్ర వేయించుకొనవలెను. పొడవు వెడల్పు ఎత్తులను ఒక్కసారి కొలుచు యంత్రములకు అంతర్జాతీయ లీగల్ మెట్రాలజీ సంస్థ ఆర్ 129 అను ప్రమాణమును వ్రాసియున్నది. అందులో ఏ ఆకారమును ఎట్లు కొలువవలెను, ఎంత తప్పు సహింపవచ్చును అను నియమములు కలవు. కొలతయే వెలను నిర్ణయించుచున్నపుడు ఆ యంత్రము త్రాసుతో సమానమైన సాధనమే. పొట్లము చిత్రమును, మూడు కొలతలను, భాజకమును రసీదుమీద చూపవలెను. సొమ్ము కోయుటకు ముందు చూపవలెను. ఇది దుర్లభమైన కోరిక కాదు. యంత్రము ఆ చిత్రమును ఎట్లును తీయుచునే యున్నది.

కడపటిసారి రింగురోడ్డునకు పోయినపుడు ఒక చీరల దుకాణమున పనిపడి కూర్చుంటిని. బల్లమీద సర్కారు ముద్ర వేసిన ఇనుప మీటరుబద్ద యుండెను. గుడ్డ కొలుచునపుడు కొనువాని కన్నులముందర దానిని చాపి పట్టెదరు, రెండువైపుల వారును చూతురు, మారుమాట లేదు. అదే బల్లచివర కొరియరునకు పోవలసిన పెట్టెలు వరుసగా పేర్చియుండెను. వానిపై కొలతలు వ్రాయు చోటు ఖాళీగా వదలియుండిరి. అక్కడికి పోయిన తరువాత వారే కొలిచికొందురని యజమాని చెప్పెను. నేను ఆ మీటరుబద్దను అడిగి తీసికొని, అన్నింటికంటె పైనున్న పెట్టెను కొలిచి, మూడు సంఖ్యలను పెన్సిలుతో దాని అట్టమీదనే వ్రాసితిని: 36, 28, 6. అతడు క్షణమాలోచించి, లోపలినుండి పల్చని కవరు ఒకటి తెప్పించి, పెట్టెలోని చీరను తీసి దానిలో పెట్టుమని కుర్రవానికి చెప్పెను.